అద్దెకున్నాయన "పన్నెండేళ్లు దాటింది, ఇల్లు నాదే" అంటున్నాడు. నిజమేనా?

మూలాపేట పెద్దబ్బాయి
19 జనవరి, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లుగా బెంగుళూరులో ఉంటున్నా. నెల్లూరు మూలాపేటలో మా నాన్న కట్టించిన ఇల్లుంది. 22 అంకణాల స్థలం (మా వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు), ముందు వాటా, వెనక వాటా. 2010లో ముందు వాటా ఒక కుటుంబానికి అద్దెకిచ్చారు. అప్పుడు 2,500, పోనుపోను 6,000 అయింది. నాన్న 2021లో పోయారు. 2023 దాకా అమ్మ వెనక వాటాలోనే ఉంటూ నెలనెలా అద్దె చేతికి తీసుకునేది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక నా దగ్గరికి తెచ్చుకున్నా. అప్పట్నించి అద్దె సన్నగిల్లి, పద్నాలుగు నెలలుగా పూర్తిగా ఆగిపోయింది.

మొన్న సంక్రాంతికి పోయి అడిగితే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెప్పాడు: "అన్నా, పన్నెండేళ్లు దాటితే ఉన్నోడిదే ఇల్లు. నాకు పదిహేనేళ్లయింది. కావాలంటే కోర్టుకు పో." రెండేళ్లుగా ఇంటిపన్ను కూడా ఆయనే కట్టి రసీదులు పెట్టుకున్నాడు. మొదట్లో రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటు ఎక్కడుందో దొరకడం లేదు. కరెంటు మీటరు నాన్న పేరు మీదే ఉంది. కనెక్షన్ తీయించేయొచ్చా? తాళం వేయొచ్చా? నిద్ర పట్టడం లేదు.

ఒంగోలు గిత్త
19 జనవరి, రాత్రి 9:31

పన్నెండేళ్ల రూలు నిజమే అన్నా. కొండపి పక్కన మా చినమామయ్య రెండెకరాలు అట్టానే పోయినాయి. కోర్టులో కూడా ఓడిపోయాడు. ఆలస్యం చేయబాక. నలుగురు కుర్రోళ్లను తీసుకుపోయి సామాను బయటపెట్టించి తాళం ఏసుకో. కరెంటు పీకేస్తే రెండ్రోజుల్లో వాళ్లే పోతారు.

నల్లకోటు
19 జనవరి, రాత్రి 10:05

గిత్త గారూ, మీ మాట వింటే ఇంటాయన ముద్దాయి అవుతాడు, అద్దెకున్నాయన ఫిర్యాదుదారు అవుతాడు. దయచేసి ఆ పని చేయకండి.

నేను సివిల్ కేసులు చూసే వకీలును. ఈ పన్నెండేళ్ల మాట వారానికొకరు మోసుకొస్తారు. దానికి మూలం 1963 నాటి కాలపరిమితి చట్టం. అందులో 65వ అధికరణం ఉంది. నా స్థలాన్ని ఇంకొకడు నా హక్కును కాదని, బాహాటంగా, తనదే అన్నట్టు పట్టుకుని కూర్చుంటే, అట్లా కూర్చున్న రోజు నుంచి పన్నెండేళ్లలో నేను దావా వేయాలి. ఆ గడువు దాటితే నా హక్కు పోతుంది. ప్రభుత్వ భూమికైతే ఈ గడువు 30 ఏళ్లు.

అసలు కీలకం "నా హక్కును కాదని" అన్న మాటలో ఉంది. అద్దెకు వచ్చినవాడు మీ అనుమతితో వచ్చాడు. అనుమతితో ఉన్నవాడు పన్నెండు కాదు, నలభై ఏళ్లున్నా అద్దెదారే. పైగా ఎవరి దగ్గర తాళం తీసుకుని లోపలికి వచ్చాడో, ఆ మనిషికి హక్కు లేదని ఇంట్లో ఉంటూ అనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ముందు ఇల్లు అప్పజెప్పి, ఆ తర్వాత ఏమైనా వాదించుకోవాలి. ఇంటిపన్ను రసీదు పన్ను కట్టినట్టు రుజువు, అంతే. ఇల్లు ఆయనదైనట్టు కాదు.

ఇక తాళం, కరెంటు సంగతి. కోర్టు ఉత్తర్వు లేకుండా మీరు బలవంతంగా గెంటేస్తే, ఆయన ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిది అని కోర్టు అడగనే అడగదు, నిన్నటిదాకా ఎవరున్నారు అనేదే చూస్తుంది. న్యాయం మీ వైపున్న కేసును మీ చేతులతో పాడుచేసుకోవద్దు.

మూలాపేట పెద్దబ్బాయి
19 జనవరి, రాత్రి 10:20

సార్, మీ పుణ్యమా అని కాస్త ఊపిరొచ్చింది. కానీ "నేను అద్దెకే రాలేదు" అని అడ్డం తిరిగితే? చేతిలో కాగితం ముక్క లేదు.

ట్రంకురోడ్డు షాపాయన
20 జనవరి, ఉదయం 6:48

మా షాపు కేసులో ఇట్టానే జరిగిందబ్బా. అగ్రిమెంటు లేకపోయినా మనిషి బతికిన చోట కాగితాలు రాలతానే ఉంటాయి. గ్యాస్ కనెక్షన్‌కు, పిల్లల స్కూలుకు, ఆధార్ అడ్రసు మార్పుకు యాడో ఒక చోట "ఓనరు ఫలానా" అని రాసే ఉంటాడు. ఓనరు సంతకం కావాలని మీ నాన్న కాడికి వచ్చే ఉంటాడు, అమ్మగారిని అడుగు. ఎదురింటోళ్లు, పాలోళ్లు, పాత చందా రసీదులు, ఏదీ వదలబాక. ఫోన్‌పే ఏమన్నా కొట్టినాడా?

మూలాపేట పెద్దబ్బాయి
20 జనవరి, ఉదయం 8:15

అమ్మ బెంగుళూరు వచ్చాక నాలుగు నెలలు వాళ్లబ్బాయి నంబరు నుంచి 6,000 చొప్పున అమ్మ ఖాతాలో పడ్డాయి. అదేమిటని అడిగితే "చేబదులు తీర్చాం" అంటున్నారు.

నల్లకోటు
20 జనవరి, మధ్యాహ్నం 1:40

నాలుగు నెలలు ఒకే మొత్తం చేబదులు తీర్చారా! జడ్జిగారు కూడా అద్దింట్లో ఉన్న మనిషే అయివుంటారు, అర్థం చేసుకుంటారు. బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి.

అద్దెకు రాలేదంటే, మరి ఏ హక్కుతో, ఏ తేదీ నుంచి మీ హక్కును కాదని ఉన్నాడో చెప్పి నిరూపించే బరువు ఆయన మీదే పడుతుంది. నాన్నగారు, అమ్మగారు 2023 దాకా వెనక వాటాలోనే ఉన్నారన్నారు. ఓనరు గోడవతల కాపురముంటే, వాళ్లను కాదని ఇల్లు పట్టుకున్నానని చెప్పడం కష్టం.

ముందు లాయరు నోటీసు ఇప్పించండి. నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువు చాలు. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, రసీదు పెట్టించి పంపండి. తీసుకోకుండా తిప్పికొట్టినా అందినట్టే లెక్క. ఆ కవరు చించకుండా అట్లాగే దాచండి. బకాయి అద్దె మూడేళ్ల వెనక్కి వసూలు చేయొచ్చు, అంతకన్నా పాతది కాలదోషం పట్టిపోతుంది.

పాత కరణం
20 జనవరి, సాయంత్రం 5:30

అయ్యా పెద్దబ్బాయి గారూ, వకీలు గారు చెప్పింది బంగారం. నేను రెవెన్యూలో ముప్పై నాలుగేళ్లు అరిగిపోయిన మనిషిని కనక ఒక మాట. పరాయివాడి నోరు మూయించే ముందు మన ఇంటి కాగితం సరి చూసుకోవాలి. ఇల్లు ఇంకా నాన్నగారి పేరునే ఉంది కదా? ఆయన వీలునామా రాశారా? రాయకపోతే తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకోండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ) తీయించండి. 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది, అంతకు ముందుది కావాలంటే రిజిస్ట్రారాఫీసుకు పోయి చేతిరాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఇంతకీ మీకు తోబుట్టువులు ఎందరు?

మూలాపేట పెద్దబ్బాయి
20 జనవరి, రాత్రి 8:02

వీలునామా లేదండీ. అక్కకు 1983లో పెళ్లయింది, చెల్లెలికి 1990లో. ఇద్దరికీ ఆ రోజుల్లోనే కట్నం, బంగారం పెట్టి పంపారు. కాబట్టి ఇల్లు అమ్మకూ నాకే కదా?

ఒంగోలు గిత్త
20 జనవరి, రాత్రి 8:10

అంతే గదా. పసుపు కుంకుమ కింద ఇచ్చాక మళ్లీ వాటా ఏందీ? పైగా అక్కకు 85కి ముందే పెళ్లయింది. ఎన్టీఆర్ చట్టం ఆమెకు వర్తించదు.

నల్లకోటు
20 జనవరి, రాత్రి 9:25

గిత్త గారు సగం తెలుసుకుని పూర్తిగా చెప్పేస్తారు. ఆ చట్టం నిజమే. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో వాటా ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. కేంద్రం 2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ సవరణ తెచ్చింది, అందులో పెళ్లి షరతు లేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరై అయిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

అయితే పెద్దబ్బాయి గారికి ఈ గొడవేదీ అక్కర్లేదు. ఇల్లు నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం అమ్మ, మీరు, అక్క, చెల్లెలు నలుగురికీ తలా పావు. కట్నం ఎంతిచ్చారు, పెళ్లెప్పుడైంది అని చట్టం అడగదు.

దావా మాత్రం నలుగురూ కలిసే వేయాలని లేదు. సహ యజమానుల్లో ఒకరు వేసినా అద్దెదారును ఖాళీ చేయించవచ్చు, మిగతావాళ్లు అడ్డు చెప్పనంతవరకు. అక్క, చెల్లెలు మీ వైపే ఉండేలా చూసుకోండి. అవతలాయన వకీలు ముందు వెతికేది ఆ సందునే.

పెన్నగట్టు ఆడపడుచు
20 జనవరి, రాత్రి 11:16

ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. పసుపు కుంకుమ మాట చూసి రాయక తప్పలేదు.

మా అన్న కూడా అద్దెదారు గొడవ చూపించే నన్ను పిలిపించాడు. "కోర్టు పని, సంతకం పెట్టమ్మా" అన్నాడు. వంటింట్లో చేపల పులుసు పొయ్యి మీదుంది, చెయ్యి కడుక్కుని వచ్చి మూడు ఖాళీ స్టాంపు కాగితాల మీద పెట్టేశా. ఏడాది తిరక్కముందే నా వాటా వదులుకున్నట్టు అందులో రాసుకున్నారు. లోపల నాలుగు లక్షలు పుచ్చుకున్నట్టు కూడా ఉంది. నేను చూసింది నాలుగు పోగుల చీర.

నల్లకోటు గారూ, అది చెల్లుతుందా?

నల్లకోటు
21 జనవరి, ఉదయం 7:20

అమ్మా, వంద రూపాయలకు పైబడిన స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టర్ కావాలి. మీరు రిజిస్ట్రారు ముందుకు పోయి వేలిముద్ర, ఫోటో ఇవ్వలేదు కదా? అట్లయితే ఆ కాగితంతో మీ వాటా పోదు. కానీ ఊరుకోవద్దు. ఆ కాగితాలు ఒప్పుకోనని నోటీసు ఇప్పించి, పంపకానికి దావా వేయండి. ఫీజు గురించి వెనకాడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. తెల్ల కాగితం మీద అర్జీ చాలు.

పాత కరణం
21 జనవరి, ఉదయం 10:45

ఆడపడుచు గారి మాట మీద ఒకటి గుర్తొచ్చింది. ఆడవాళ్ల ఆస్తి అనగానే దేశంలో ఏ కోర్టయినా ఎత్తే కేసు తులశమ్మ కేసు. అది మన నెల్లూరు మునసబు కోర్టులో పుట్టింది. భర్త పోయిన మనిషి మనోవర్తికి (భరణానికి) దావా వేస్తే, రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు, బతికినన్నాళ్లు అనుభవించు, అమ్మే హక్కు లేదన్నారు. ఆమె అమ్మింది. మరిది వాళ్లు అడ్డుపడ్డారు. 1977లో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, మనోవర్తి ఆమెకు అప్పటికే ఉన్న హక్కు, దానికి బదులుగా వచ్చిన ఆస్తి పూర్తిగా ఆమెదే, షరతులు నిలవవు అన్నది. వారసత్వ చట్టం 14వ సెక్షన్ మీద అదే గీటురాయి. మన పెన్న ఒడ్డు మనిషి ఒకామె పట్టు పట్టింది, దేశమంతా ఆడవాళ్లకు పనికొచ్చింది. మా ఆఫీసుల్లో ఈ సంగతి తెలిసిన గుమాస్తా ఒక్కడూ తగల్లేదు నాకు.

దగదర్తి రైతు
22 జనవరి, ఉదయం 5:55

కరణం గారికి దణ్ణాలు. మీరు ఉండారు గదా అని అడుగుతుండా. మా తాత కాలం నుంచి సేద్యం చేస్తున్న మూడెకరాల చేను అమ్మాయి పెళ్లికి అమ్ముదామని పోతే, రిజిస్ట్రారాఫీసులో "ఇది 22ఎలో ఉంది, చుక్కల భూమి" అన్నారు. పాసుపుస్తకం ఉంది, అడంగల్లో (సాగు లెక్కల పుస్తకంలో) మా పేరే ఉంది. చుక్కలేందో, మా నెత్తిన ఎందుకు పడ్డాయో అర్థం కావడంలే సామీ.

పాత కరణం
22 జనవరి, ఉదయం 11:30

చుక్కల సంగతి చెప్పాలంటే తెల్లదొరల దాకా పోవాలి నాయనా.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు రీసెటిల్‌మెంటు (శిస్తు కోసం భూముల లెక్క మళ్లీ కట్టడం) జరిగింది. సర్వే నంబరు వారీగా రిజిస్టరు రాశారు. మేం ఆర్‌ఎస్ఆర్ అంటాం. నేల రకం, విస్తీర్ణం, శిస్తు, చివర్న పట్టాదారు పేరు. రాసేటప్పుడు ఎవరూ వచ్చి ఇది నాది అనకపోతేనో, ఎవరిదో తేలకపోతేనో ఆ గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి ముందుకు పోయారు. అట్లా అని అది సర్కారు భూమి అని రాయలేదు, రైతుది అనీ రాయలేదు. తర్వాత వందేళ్లు మీ తాతలు దున్నారు, శిస్తు కట్టారు, అమ్మారు, కొన్నారు, రిజిస్ట్రేషన్లూ జరిగాయి. ఎవరికీ చుక్కలు గుర్తు లేవు.

రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ అని ఒక సెక్షన్ ఉంది. ప్రభుత్వ భూములు, దేవుడి మాన్యాలు, అసైన్‌మెంటు భూములు (ప్రభుత్వం పేదలకు పంచినవి) అమ్మకుండా ఆపే జాబితా అది. ఆ జాబితా కట్టేటప్పుడు చుక్కలున్నవన్నీ దాంట్లో పడేశారు. 2017లో చుక్కల భూములకు విడిగా చట్టమొచ్చింది, పన్నెండేళ్లకు తగ్గకుండా స్వాధీనంలో ఉన్నవాళ్లు అర్జీ పెట్టుకుంటే సరిచేయమని. తర్వాత 2023 మే నెలలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు మన కావలికే వచ్చి, రెండు లక్షల పైచిలుకు ఎకరాల చుక్కల భూములను జాబితాలోంచి తీస్తున్నామన్నారు. మీ నంబరు అప్పుడు తప్పిపోయి ఉంటుంది. లేదంటే సబ్‌డివిజన్‌తో కలిపి రాసి ఉంటారు.

మీరు చేయాల్సింది: రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీ ఊరి నిషేధిత జాబితా తీసి, మీ నంబరు ఏ పద్దు కింద ఉందో ముందు చూడండి. చుక్కల పద్దా, అసైన్‌మెంటు పద్దా? రెంటికీ దారులు వేరు. ఆర్‌ఎస్ఆర్ నకలు, పాత శిస్తు రసీదులు, అడంగలు, లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత దస్తావేజులు) జతచేసి తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి రావద్దు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే, నోటిమాట సాయంత్రానికి గుర్తుండదు.

ఒకవేళ అసైన్‌మెంటు అయితే, అంటే మనవైపు డీకేటీ పట్టా అంటామే, ఆ పట్టా తేదీ చూడండి. 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదన్న షరతు లేదు. ఆ తర్వాతవి 1977 చట్టం కిందికొస్తాయి.

ఇంకో ముక్క. కనిగిరి, పొదిలి, దర్శి వైపువాళ్లు పాత లింకు డాక్యుమెంట్లలో "నెల్లూరు జిల్లా" అని చూసి ఎవరో దొంగ కాగితం అంటగట్టారని హడలిపోతుంటారు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టేదాకా ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలోవే. ఆ రాత చూస్తే సంతోషపడాలి.

దగదర్తి రైతు
22 జనవరి, మధ్యాహ్నం 12:10

మా నంబరు పక్కన చుక్కల పద్దే ఉంది సామీ, ఇప్పుడే మా అబ్బాయి ఫోన్లో తీశాడు. పాసుపుస్తకం ఉంటే చాలదా మరి?

పాత కరణం
22 జనవరి, మధ్యాహ్నం 12:40

చాలదు. పాసుపుస్తకం, అడంగలు, 1బి (ఎవరి పేర ఎంత భూమో రాసే రిజిస్టరు), ఇవన్నీ రెవెన్యూ లెక్కలు. హక్కుకు ఆధారాలే గానీ అవే హక్కు కావు. మీ దస్తావేజులతో కలిసి నడిస్తేనే వాటికి బలం. మీ ఊళ్లో రీసర్వే అయ్యుంటే పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, అర్జీలో రెండూ రాయండి.

పొదలకూరు రోడ్డు బాధితుడు
23 జనవరి, రాత్రి 7:50

నాదీ ఒకటి. 2019లో ఒక రియల్ ఎస్టేటు వాళ్ల దగ్గర 30 అంకణాల ప్లాటు కొన్నా. ఇప్పుడు ఇల్లు కట్టుకుందామని ప్లానుకు పెడితే, నా ప్లాటున్న చోట అప్రూవ్డ్ లేఅవుట్లో పార్కు ఉందంట! నా దగ్గర రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు ఉంది, రిజిస్ట్రారు ఎట్టా చేశాడు?

నల్లకోటు
23 జనవరి, రాత్రి 8:30

రిజిస్ట్రారు డాక్యుమెంటును నమోదు చేస్తాడు, అమ్మినవాడికి అమ్మే హక్కుందా అని విచారించడు. లేఅవుట్ మంజూరుకు రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు దానపత్రం రాసివ్వాలి. రాసిచ్చేశాక అది వాళ్లది కాదు, మీకు అమ్మడానికి లేదు. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గర మంజూరైన ప్లాను నకలు తీసుకుని మీ సరిహద్దులతో పోల్చండి. అమ్మినవాళ్ల మీద డబ్బు, నష్టం కోసం పోవచ్చు. రెరా చట్టం (రియల్ ఎస్టేటు వ్యాపారాన్ని అదుపు చేసేది) కిందికి వచ్చే లేఅవుట్ అయితే, అంటే 500 చదరపు మీటర్లు దాటినదైతే, అక్కడా ఫిర్యాదు చేయొచ్చు. మోసం చేసినవాళ్ల మీద క్రిమినల్ కేసు కూడా నిలుస్తుంది. కొనేముందు బ్రోషరు కాకుండా మంజూరైన ప్లాను చూడండని ఎన్నిసార్లు చెప్పినా, అరటిపండు రంగుల బ్రోషరుకే పడిపోతారు జనం.

ట్రంకురోడ్డు షాపాయన
23 జనవరి, రాత్రి 9:05

అంకణం అంటే గుర్తొచ్చింది. మా బామ్మర్ది తిరుపతిలో 50 అంకణాలు చవగ్గా వస్తుంటే ఎగిరి గంతేసి అడ్వాన్సు ఇచ్చాడు. మన లెక్కన 3,600 చదరపు అడుగులు అనుకున్నాడు. కొలిస్తే 1,800! మనకు అంకణం 72 చదరపు అడుగులు, అక్కడ 36. ఎవరూ మోసం చేయలా, వాడి లెక్కే వాణ్ణి మోసం చేసింది. ఇప్పటికీ పండక్కి వస్తే ఆ మాట ఎత్తనివ్వడు.

అల్లూరు చెరువుగట్టు
24 జనవరి, ఉదయం 6:20

చిన్న సందేహం. రొయ్యల గుంటలు మూడేళ్లకు లీజుకిచ్చినా, వంద రూపాయల స్టాంపు మీద రాసుకున్నాం. ఏడాదికే వైరస్ వచ్చిందని లీజుదారు మిగతా డబ్బు ఇవ్వనంటున్నాడు. నా కాగితం పనికొస్తుందా?

నల్లకోటు
24 జనవరి, ఉదయం 7:00

ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలి. మీ కాగితంలోని మూడేళ్ల షరతు కోర్టులో నిలబడదు. అయితే ఆయన గుంటలు వాడుకున్నన్నాళ్లకు డబ్బు ఇవ్వాల్సిందే. అందరూ ఇంటికి పదకొండు నెలలని రాసుకునేది కూడా ఈ రిజిస్ట్రేషన్ తప్పించుకోవచ్చనుకునే.

సింగరాయకొండ మాస్టారు
25 జనవరి, సాయంత్రం 4:15

నేను రిటైర్డు టీచర్ని. మూడేళ్ల కిందట ఉన్న ఒక్క ఇల్లు పెద్దవాడికి దానసెటిల్‌మెంటు రాసిచ్చాను. ఇప్పుడు వరండాలో మంచం వేశారు. అన్నం పెడుతున్నారు, లేదనను. పలకరింపే లేదు. వెనక్కి తీసుకోవచ్చునా? అడగడానికే సిగ్గుగా ఉంది.

నల్లకోటు
25 జనవరి, రాత్రి 9:40

మాస్టారూ, సిగ్గు పడాల్సింది మీరు కాదు. ఒకసారి స్వీకరించిన దానం మామూలుగా రద్దు కాదు. కానీ 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ దానాన్ని రద్దు చేయవచ్చు. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో గారే. వకీలు అక్కర్లేదు, మీరే అర్జీ ఇవ్వచ్చు.

చిక్కు ఎక్కడంటే, ఆ షరతు ఉన్నట్టు చూపాలి. 2022లో సుప్రీంకోర్టు ఈ షరతు లేకుండా రాసిచ్చిన దాన్ని రద్దు చేయడానికి వీల్లేదంది. 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ల మేలు కోరి ఉదారంగా చదవాలని, ట్రిబ్యునల్ ఇల్లు తిరిగి అప్పగించమని కూడా ఆదేశించవచ్చని చెప్పింది. మీ దస్తావేజులో "నా పోషణ, ఆలనాపాలనా చూచుకొనుచూ" లాంటి ముక్క ఏదైనా ఉందేమో చూడండి. పాత లేఖరులు అలవాటుగా రాసేస్తారు, ఆ అలవాటే ఒక్కోసారి కాపాడుతుంది.

సింగరాయకొండ మాస్టారు
26 జనవరి, ఉదయం 6:05

ఉంది. నాలుగో పేజీలో ఉంది. నేనే చెప్పి రాయించాను, మరిచిపోయాను. ముందు వాడికి ఆ పేజీ చదివి వినిపిస్తాను. ఆర్డీవో గారి దగ్గరికి తర్వాత.

ఒంగోలు గిత్త
27 జనవరి, రాత్రి 8:45

నిన్న ఊరికి పోయి మా చినమామయ్య కాగితాలు మొత్తం తిరగేశా. నేను చెప్పింది తప్పే. పొలంలో ఉన్నాయన కౌలుదారు కాదంట. 1994లో మామయ్యే చేతికాగితం మీద అమ్మాడు, డబ్బు మొత్తం తీసుకున్నాడు, పొలం అప్పజెప్పాడు, రిజిస్ట్రేషను మాత్రం చేయించలా. పాతికేళ్ల తర్వాత ధర పెరిగేసరికి "నాదే" అని దావా వేసి ఓడిపోయాడు. ఇంట్లో మాత్రం పన్నెండేళ్ల రూలుతో పోయిందని చెప్పుకుంటూ వచ్చారు.

పెద్దబ్బాయి అన్నా, కుర్రోళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నా.

నల్లకోటు
27 జనవరి, రాత్రి 9:10

గిత్త గారూ, ఈ ఒక్క పోస్టుకు మీకు ఒంగోలులో కాఫీ బాకీ. కొన్నాయన కూడా గట్టెక్కింది అదృష్టం వల్లే. 2001 తర్వాత అయితే రిజిస్టర్ కాని అగ్రిమెంటుతో స్వాధీనాన్ని కాపాడుకునే రక్షణ లేదు. రిజిస్ట్రేషను చేయించమని దావా వేయాలన్నా మూడేళ్లే గడువు. చేతికాగితాల మీద కొని ధీమాగా ఉన్నవాళ్లు ఇది చదివాకైనా బీరువా తెరవండి.

మూలాపేట పెద్దబ్బాయి
3 మార్చి, రాత్రి 10:30

అందరికీ ఏమైందో చెప్పాలి కదా.

అక్కతోనూ చెల్లెలితోనూ మాట్లాడా. వాటా సంగతి నేనే ముందు చెప్పా. అక్క అరనిమిషం మాట్లాడలేదు, తర్వాత "నువ్వు చెప్పకపోయినా అడిగేదాన్ని కాదురా" అంది. చెల్లెలు మాత్రం "నేను అడిగేదాన్నే" అంది. ముగ్గురం, అమ్మ కలిసి నెల్లూరులో వకీలు చేత నోటీసు ఇప్పించాం. "తీసుకోలేదు" అని తిరిగొచ్చింది. కవరు చించలేదు.

వెనక వాటా తాళం తీసి అమ్మ సామాను సర్దుతుంటే దేవుడి గూటి కింద పాల లెక్కల పుస్తకాలు ఏడు దొరికాయి. ఒక పక్క పాలు, రెండో పక్క అద్దె. ప్రతి నెలా తేదీ, మొత్తం, పక్కన ఆయన సంతకం! 2012 నుంచి 2023 దాకా. మొదట్లో ఒకసారి ఇచ్చానని, ఇవ్వలేదని గొడవైందంట, అప్పట్నించి అమ్మ సంతకం పెట్టందే డబ్బు తీసుకునేది కాదంట. నేను పదిసార్లు "కాగితం ఉందా" అని అడిగా, అమ్మ పదిసార్లు "లేదు" అంది. ఆమె దృష్టిలో కాగితమంటే స్టాంపు కాగితం. పాల పుస్తకం పాల పుస్తకమే.

ఫోటోలు వాళ్లబ్బాయికి పంపా. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. నల్లకోటు గారు చెప్పిన న్యాయసేవాధికార సంస్థలోనే, కేసు వేయకముందే, లోక్ అదాలత్‌లో రాజీ రాసుకున్నాం. జూన్ ఆఖరుకు ఖాళీ చేస్తాడు, పిల్ల పరీక్షలు అయ్యేదాకా ఆగమన్నాడు. బకాయిలో ఆరు నెలలది వదిలేశాం, మిగతాది మూడు వాయిదాల్లో. ఆ అవార్డు మీద అప్పీలు ఉండదని, కోర్టు డిక్రీ లాగే అమలవుతుందని చెప్పారు.

నల్లకోటు
3 మార్చి, రాత్రి 10:52

శుభం. ఆరు నెలల అద్దె వదులుకున్నారని ఎవరైనా దెప్పితే, ఏడేళ్ల కోర్టు వాయిదాలు తప్పించుకున్నానని చెప్పండి. పుస్తకాలు జూన్ దాకా జాగ్రత్త.

మూలాపేట పెద్దబ్బాయి
3 మార్చి, రాత్రి 11:04

అక్కడే చిక్కొచ్చింది సార్. అమ్మ పుస్తకాలు తిరిగిమ్మంటోంది. 2023 ఏప్రిల్లో పాలాయనకు మూడు లీటర్లు ఎక్కువ లెక్క కట్టిందంట, ఊరికి పోయినప్పుడు తేల్చుకోవాలంట.